పైసలు తీసుకోని పాపం

అరవయ్యో దశకం మొదట్లో నేను హన్మకొండకు కాపురానికొచ్చాను. మామగారిది కిరాణా దుకాణం, ఇల్లు దాని వెనకే. ఉల్లిగడ్డ కూడా ముట్టని ఇల్లు మాది. ఆయన పొద్దున్నే చీమలకు చక్కెర చల్లేవారు. అత్తమ్మ వండిన అన్నంలో మొదటి ముద్ద వాకిట్లోని ఎర్ర కుక్కకు పెట్టేది. ఊళ్ళో పుణ్యమంతా మా ఇంట్లోనే ఉన్నట్టు ఉండేది మా వరస.

ఆ కుక్క ముసలిదైపోయి గజ్జి పట్టింది. దాన్ని చూసి గిరాకీ మెట్టెక్కడం లేదని మామగారికి రంధి. కొట్టి చంపిస్తే జీవహింస. ఆ రోజుల్లోనే ఇద్దరు మనుషులు కుక్కల్ని పట్టి రైల్లో పంపిస్తుండేవారు. ఎక్కడో దూరాన వాటి మాంసం కొంటారని బజారంతా తెలుసు. మామగారికీ తెలుసు. తెలిసే వాళ్ళను పిలిపించారు.

కుక్క వాళ్ళను చూడగానే ఎడ్లబండి కిందికి దూరి పళ్ళు చూపించింది. తాడు పట్టుకున్నవాడు అత్తమ్మతో, "అమ్మా, జర మీరు పిలువుండ్రి. మీ చేతి బువ్వ తిన్నది, మీరు పిలిస్తెనే వస్తది" అన్నాడు.

అత్తమ్మ మామగారి వైపు చూసింది.

"పిలువు. మనం సంపుతున్నమా? పైసలైతే తీస్కుంటలేం గద. మనకెట్ల అంటది పాపం?" అన్నారాయన.

తలుపు చాటున నిలబడ్డ నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది మా ఇంటి ధర్మం! కొత్త కోడలికి నోరెక్కడిదని ఎవరైనా అనవచ్చు. పప్పులో ఉప్పు ఎక్కువైందంటే అత్తమ్మతో గంటసేపు వాదించిన నోరే అది. ఆ పూట మాత్రం పెగల్లేదు.

అత్తమ్మ ముద్ద కలిపి తెచ్చి, "దా బిడ్డా, దా" అని పిలిచింది. కుక్క కుంటుకుంటూ వచ్చి తినసాగింది. తింటుండగానే మెడకు ఉచ్చు పడింది. మూతీ కాళ్ళూ కట్టేశారు. మామగారే లోపలికెళ్ళి ఖాళీ గోనెసంచి తెచ్చిచ్చారు. అందులో వేసి మూతి బిగించాక సంచి చాలాసేపు కదల్లేదు. భయానికే ప్రాణం పోయిందేమో అనుకున్నాను. పోయినా బాగుండేది.

వాళ్ళు సంచిని భుజానికెత్తుకుంటుంటే అత్తమ్మ ఆగలేకపోయింది. "జర మెల్లగ పట్టుకపోండ్రయ్యా" అన్నది.

ఆమె గొంతు వినగానే సంచిలో తోక టపటపా ఆడింది.