ఫ్లెక్సీ మీది మొకం

నాచారం మందుల ఫ్యాక్టరీలో గోలీలు ప్యాక్ చేసే అండాలమ్మకు కోపం వస్తే చేతులు ఊరుకోవు. గాజులు పైకి తోసి, ఎదురుగా ఏది ఉంటే అది సర్దుతూనే తిడుతుంది. అయినా తోటి ఆడవాళ్లకు ఆమె మాటంటే మాటే. కాగితం ముక్క లేకుండా పదకొండేళ్లుగా వాళ్లతో చిట్టీ నడుపుతోంది. ఎవరి అవసరం ముందో ఆమె చెబితే మారుమాట ఉండదు. ఉప్పల్‌లో కొత్తగా ఒక కంపెనీ తెరిచారు. ఒకరి డబ్బును నేరుగా ఇంకొకరికి అప్పుగా ఇప్పించడం దాని పని. ఆ కంపెనీవాళ్లు ఒకరోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర, ఎందుకో చెప్పకుండానే ఆమె ఫొటో తీసుకున్నారు. నెల తిరిగేసరికి రింగురోడ్డులో ఫ్లెక్సీ మీద ఆమె నవ్వుతోంది, కింద ‘అవార్డు పొందిన నమ్మకం’ అని అక్షరాలు. అది చూసి, ప్యాకింగులో పక్కన కూర్చునే సంతోషి ఆ కంపెనీలో నలభై వేలు పెట్టింది. అప్పు తీసుకున్నవాడు పత్తా లేకుండా పోయాడు. "నీ బొమ్మ సూసే పెట్టిన అక్కా," అని సంతోషి ఏడ్చింది.

అండాలమ్మ సరాసరి ఆ ఆఫీసుకు వెళ్లింది. "మీలాంటివాళ్ల వల్లే మాకింత పేరొచ్చిందమ్మా. రిస్కు మాత్రం డబ్బు పెట్టినవాళ్లదే," అన్నాడు మేనేజరు, కుర్చీ చూపిస్తూ. ఆమె కూర్చోలేదు. "పేరు నీది, రిస్కు మాదా? నీ దాంట్ల నేను రూపాయన్న పెట్టిననా, నా బొమ్మ ఏస్కోనీకి?" అంటూనే బల్ల మీద కంపెనీకి వచ్చిన అవార్డు షీల్డును ఎత్తి కొంగులో చుట్టుకుంది. "సంతోషి పైసలు దెచ్చి గిది తీస్కపో." ఆఫీసుకు వచ్చినవాళ్లంతా అవార్డేదని అడుగుతుంటే, మూడోరోజు భోజనం వేళకు అతను నలభై వేలూ పట్టుకొని ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చాడు. సంతోషి లెక్కపెట్టుకుంది. అండాలమ్మ అవార్డు అతని చేతిలో పెట్టింది గాని, తన చెయ్యి తియ్యలేదు.

"ఇంకెంతమంది నా మొకం సూసి పెట్టిన్రో, గా పేర్లు గూడ జెప్పు," అంది.