రొట్టెల రోజున వచ్చిన ఓడ

హజరత్తయ్య కారుని చూసినవాళ్ళెవరూ అది కారని వెంటనే ఒప్పుకునేవారు కాదు. మద్రాసులో ఎవరో వాడి వాడి వదిలించుకున్న పాత ఆస్టిన్ అది. ఒక పక్క తలుపుని తాడుతో కట్టేవాడు. హారను మోగేది కాదు. దాని అవసరమూ ఉండేది కాదు. ముత్తుకూరులో బయలుదేరితే చాలు, ఆ చప్పుడుకి నెల్లూరు రోడ్డు మీద బర్రెలు వాటంతటవే పక్కకి తప్పుకునేవి. అలాంటి కారుని ఆయన రోజూ పొద్దున్నే పెళ్ళికొడుకుని చేసినట్టు కడిగి తుడిచేవాడు.

వాళ్ళది వరి పండించే ఇల్లు. అన్నలిద్దరూ పొలం చూసుకునేవారు. ఈయనకి మడిలో కాలు నిలిచేది కాదు. వయసులో మద్రాసు పోయి, హార్బరు దగ్గర లారీ తోలి, ఆ కారుతోనూ కాస్త ఇంగ్లీషుతోనూ తిరిగొచ్చాడు. అమ్మ దర్గాలో హజరత్తుకి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు. మా వైపు హిందువుల ఇళ్ళలో ఇప్పటికీ ఆ పేరు పెట్టుకుంటారు.

నేను చెప్పేది పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్తల్లో సంగతి. అప్పటి కృష్ణపట్నం రేవుని ఇప్పటి రేవుతో పోల్చుకోకండి. ఓడ దూరంగా సముద్రంలోనే లంగరు వేసేది. సరుకు పడవల మీద వెళ్ళేది. సరుకు ఓడే అయినా అందులో నలుగురో అయిదుగురో ప్రయాణికులు ఉండేవారు. సరుకు ఎక్కించినంతసేపూ వాళ్ళకి ఏమీ తోచక, ఒడ్డుకి దిగి ఊరు చూస్తామనేవారు. అలా దిగినవాళ్ళని పొద్దున ఎక్కించుకుని, నెల్లూరు దాకా తిప్పి చూపించి, మధ్యాహ్నానికి మళ్ళీ పడవ దగ్గర దించడం హజరత్తయ్య పని.

ఏం చూపించేవాడనుకున్నారు? రంగనాయకుల గుడి గాలిగోపురం, పెన్న మీద వంతెన చూపించేవాడు, కాదనను. అయితే అవి దారిలో ఉన్నాయి కాబట్టి చూపించేవాడు. ఆయన మనసుపెట్టి చూపించేవి వేరు. నాట్లు వేస్తుంటే కారాపి దొరల చేత కూడా నారు పట్టించేవాడు. చిన్నప్పుడు తను పడిన బావి చూపించేవాడు. మేనత్త మస్తానమ్మ ఇంటికి తీసుకుపోయి చేపల పులుసు పెట్టించి, కారానికి వాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే ఆనందంగా చూసేవాడు. నాకు ఒళ్ళు మండేది. నేను ముత్తుకూరు బడిలో పంతులుని. చరిత్ర చెప్పుకునేవాణ్ణి కదా, ఉండబట్టక అడిగాను.

"ఏమయ్యా, దేశం కాని దేశం నుంచి వచ్చినవాళ్ళకి మీ అత్త ఇల్లు ఎందుకు?"

"గోపురాలు వాళ్ళ దేశంలో గూడా ఉంటాయి పంతులుగారూ. మా అత్త యాడుంది?" అన్నాడు.



ఒక చిక్కు మాత్రం ఉండేది. పడవలు బయలుదేరే ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట ఇసుక మేట వేసి ఉంటుంది. పోటు మీదున్నప్పుడే పెద్ద పడవ దాన్ని దాటగలదు. ఆటు మొదలైందా, మళ్ళీ పోటు వచ్చేదాకా కూర్చోవలసిందే. ఓడ అంతసేపు ఆగదు. ఒకసారి మస్తానమ్మ పులుసు మరగడం ఆలస్యమై, పడవ తప్పినంత పనైంది. ఓడల ఏజెంటు ఆఫీసులో గుమాస్తా పద్మనాభయ్య అని ఉండేవాడు. జేబు గడియారం మనిషి. ఆయన ఆ రోజే చెప్పేశాడు.

"ఇదే ఆఖరు హజరత్తూ. ఇంకొక్కసారి ఆలస్యం చేసినావంటే మనుషుల్ని నెల్లూరు టాక్సీకి అప్పజెప్తా. వాడిది కొత్త అంబాసిడరు. హారను గూడా మోగతాది."

పని పోతే హజరత్తయ్య పస్తులుండే మనిషేం కాదు. అన్నల పొలం ఉంది, రెండు పూటలా అన్నం ఉంది. కానీ ఆయన ప్రాణమంతా ఆ పనిలోనే ఉండేది. ఓడ వచ్చిన రోజు సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, ఎవరు దేనికి నవ్వారో, మన మల్లెపూలు ఎవరు ముక్కు దగ్గర పెట్టుకుని వదల్లేదో, పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఆ మనిషిని తీసుకుపోయి పొలం గట్టు మీద నిలబెడితే ఏమైపోతాడో నాకు తెలుసు, ఆయన భార్య చెంచమ్మకి ఇంకా బాగా తెలుసు. అందుకే ఆమె రొట్టె పట్టింది.

నెల్లూరు రొట్టెల పండగ సంగతి ఎరగనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. మొహర్రం రోజుల్లో దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువులో జనం దిగుతారు. కోరిక ఉన్నవాళ్ళు, అదే కోరిక తీరినవాళ్ళ దగ్గర నీళ్ళలో నిలబడి రొట్టె పుచ్చుకుని తింటారు. తీరాక, మరుసటి ఏడు తాము రొట్టె చేసి తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. బిడ్డల రొట్టె వేరు, పెళ్ళి రొట్టె వేరు, ఆరోగ్యం రొట్టె వేరు. ఏ మతమని ఎవరూ అడగరు. చెంచమ్మ ముందటేడు పని రొట్టె పట్టింది, మొగుడి పని నిలబడాలని. నిలబడింది. ఓడలు వచ్చాయి, పద్మనాభయ్య గొణుగుతూనే మనుషుల్ని పంపాడు. కాబట్టి ఈ ఏడు రొట్టె ఇవ్వాలి. సరిగ్గా ఆ రోజే ఓడ వచ్చింది.

బడికి సెలవు కనక, నెల్లూరు పోదామని నేనూ పొద్దున్నే ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాను. చెంచమ్మ తువ్వాలులో చుట్టిన రొట్టె తెచ్చి మొగుడి చేతికిచ్చింది.

"చెరువులో దిగి ఇచ్చేసి రా."

"ఈ పొద్దు కాదు మే. ఆ జనంలో చిక్కుకుంటే పడవ తప్పతాది. పడవ తప్పితే పనే పోతాది."

"పని నిలబడాలనే గదా రొట్టె పట్టింది? నిలబడింది గదా? ఇయ్యాల్సింది ఇయ్యకుండా ఏ మొగం పెట్టుకోని ఆ పనికే పోతావు?"

 ఆయన రొట్టెని సీటు కింద పెట్టి, కారు ముందుకి పోయి ఇంజను హ్యాండిల్ తిప్పాడు.

ఆ రోజు రేవులో ముగ్గురు దిగారు. ఒక ముసలి దొర, ఆయన భార్య, హెలెన్ అని నలభై ఏళ్ళ ఒంటరి ఆడమనిషి. ముసలాయన అన్నిటికీ ఆహా అనేవాడు. హెలెన్ దేనికీ ఏమీ అనేది కాదు. నారు పట్టుకోమంటే పట్టుకుంది, గోపురం చూడమంటే తలెత్తి చూసింది. బావి కథకి కూడా నవ్వలేదు. ఆ కథకి నవ్వనివాళ్ళని హజరత్తయ్య అంతవరకు చూడలేదు. పాపం, చిన్నబోయాడు.

గుడి నుంచి తిరిగి వస్తుంటే తడి చీరలతో ఆడవాళ్ళు, చేతుల్లో రొట్టెలు, గుంపులు గుంపులుగా ఎదురయ్యారు. హెలెన్ మొదటిసారి నోరు తెరిచి, ఏమిటని అడిగింది. హజరత్తయ్య తన ఇంగ్లీషులో చెప్పాడు, మిగిలింది నేను చెప్పాను. ఆమె "పని కోసం కూడా రొట్టె ఉంటుందా?" అంది. భర్త పోయాడట. దూరపు చుట్టాల పంచన చేరడానికి పోతోందట. నర్సు చదువు చదివిందట గాని, ఆ వయసులో పని ఎవరిస్తారని దిగులు. ఇదంతా కిటికీలోంచి బయటికి చూస్తూనే చెప్పింది.

హజరత్తయ్య కారు ఆపేశాడు. 

"వద్దయ్యా. పోటు సంగతి చూసుకో," అన్నాను.

ఆయన ఎండ వైపు చూశాడు. వంగి సీటు కింద చెయ్యి పెట్టాడు. కారు చెరువు వైపు తిరిగింది.

మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఆయన రొట్టె ఇచ్చాడు, ఆమె రెండు చేతులతో పుచ్చుకుని తింది. పని దొరికాక రొట్టె తెచ్చి, పని కావలసినవాళ్ళకి ఇవ్వాలని నేను వివరంగా చెప్పాను. శ్రద్ధగా విని తలూపింది. అంతటితో అయిపోతే బాగుండేది. ఈలోగా ముసలి దొర కూడా ప్యాంటు మడిచి దిగాడు. వచ్చినవాళ్ళకి తిండి పెట్టే పండగ అనుకున్నాడు కాబోలు, ఎవరు ఏ రొట్టె చాపితే అది కాదనకుండా పుచ్చుకుని తినేస్తున్నాడు. ఆరోగ్యం రొట్టె తిన్నాడు. ఇల్లు కట్టుకునే రొట్టె తిన్నాడు. చివరికి, కూతురికి సంబంధం కుదిరిన ఒకావిడ దగ్గర పెళ్ళి రొట్టె పుచ్చుకుని అదీ నోట్లో వేసుకున్నాడు. పక్కన పెళ్ళాం నిలబడే ఉంది! చెరువు చెరువంతా నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారని ఆవిడ అడిగితే చెప్పాను. మొగుడి వీపు మీద ఒక్కటిచ్చి, నవ్వలేక నీళ్ళలోనే కూర్చుండిపోయింది. హెలెన్ కూడా నవ్వింది.

బయటపడేసరికి కారు ముందూ వెనకా జట్కాలు, ఎడ్లబండ్లు. హజరత్తయ్య అరిచాడు, నేను అరిచాను. జనం అంతకన్నా గట్టిగా అరుస్తున్నారు. హారను లేని లోటు ఆ రోజు తెలిసింది.

రేవుకి చేరేసరికి ఆటు మొదలైంది. పెద్ద పడవ వెళ్ళిపోయింది. పద్మనాభయ్య గడియారం చేత్తో పట్టుకుని ఒడ్డున నిలబడి ఉన్నాడు. చేపలు పట్టే ఆదెయ్య తన చిన్న నావలో ముగ్గుర్నీ ఎక్కించుకుని, మేట దగ్గర నీళ్ళలోకి దూకి, నావని నెట్టుకుంటూ దాటించి ఓడకి చేర్చాడు కాబట్టి సరిపోయింది.  నావ ఓడని చేరాక పద్మనాభయ్య ఇటు తిరిగాడు.

"కారు ఇంటికి తోలుకోని పో. మళ్ళా రేవుకి తేబాక."

హజరత్తయ్య బతిమాలలేదు. దారిలో నన్ను ఒకటే అడిగాడు.

"ఆమెకి పని దొరకతాదంటారా పంతులుగారూ?"

"నీ పని ఊడింది, ముందు దాని సంగతి చూసుకోవయ్యా!" అని కసిరాను. నిజంగానే కోపం వచ్చింది నాకు.

తర్వాత ఆయన కారు వెనక సీటు పీకేసి, గూడూరు మార్కెట్టుకి నిమ్మకాయల బస్తాలు తోలాడు. చెంచమ్మ మాత్రం ఒక్కరోజూ చింతించలేదు. "ఇయ్యాల్సింది ఇచ్చినాం," అనేది. ఆయన సాయంత్రం మా అరుగు మీదికి వచ్చేవాడు, కూర్చునేవాడు, లేచి వెళ్ళిపోయేవాడు. నిమ్మకాయల గురించి ఏం చెబుతాడు? రేవులో ఓడ ఉందని తెలిసిన రోజు అసలు వచ్చేవాడే కాదు.  కసిరినందుకు నా మీద నాకే విసుగేసేది.

వానలు వెనకబట్టాక ఒక ఉదయం పద్మనాభయ్య మా బడి గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. హజరత్తయ్య ఇంటికి ఒంటరిగా పోవడానికి మొహం చెల్లక నా దగ్గరికి వచ్చాడు.

"ఆ దొరసాని మళ్ళా దిగింది సార్. అంబాసిడరు ఎక్కనంటా ఉంది. హజరత్తయ్య కారే కావాలంట. చేతిలో ఏందో మూట ఉంది, ఎవుర్నీ ముట్టుకోనీదు."

హజరత్తయ్యనీ చెంచమ్మనీ వెంటబెట్టుకుని రేవుకి వెళ్ళాం. హెలెన్ తెల్లటి నర్సు బట్టల్లో ఉంది. సంగతేమిటంటే, అన్ని రొట్టెలూ తిన్న ముసలి దొర ఓడలో కడుపు చెడి మంచం పట్టాడట. ఈమె రాత్రీ పగలూ దగ్గరుండి చూసిందట. అది చూసి కెప్టెను ఆ ఓడలోనే నర్సుగా పెట్టుకున్నాడట. ఇప్పుడు మాట ప్రకారం రొట్టె తెచ్చింది. ఓడ వంటవాడు కాల్చిన బ్రెడ్డు, దిండంత ఉంది.

"పండగ ఎప్పుడో అయిపాయ గదా. ఇప్పుడు చెరువులో ఎవురుంటారు?" అన్నాడు పద్మనాభయ్య.

"ఓడకి మన పండగలు తెలస్తాయా అన్నా? చెరువు యాడికన్నా పోయిందా?" అంది చెంచమ్మ.

నిమ్మకాయల వాసన కొట్టే ఆ కారులో, బస్తాల మీద కూర్చుని అందరం బయలుదేరాం. ఆలస్యం చేయనివ్వనని పద్మనాభయ్య కూడా ఎక్కాడు.

చెరువులో బర్రెలు తప్ప ఎవరూ లేరు. అవతలి గట్టున చాకళ్ళు బట్టలు ఉతుకుతున్నారు. హెలెన్ చెప్పులు విడిచి నీళ్ళలో దిగి, బ్రెడ్డు పట్టుకుని నిలబడింది. అటూ ఇటూ చూసింది. ఇవ్వడానికి పని కావలసిన మనిషి కనబడక నా వైపు తిరిగింది.

హజరత్తయ్య పంచె ఎగగట్టాడు. మెల్లగా నీళ్ళలోకి నడిచి ఆమె ఎదురుగా నిలబడి, తువ్వాలు రెండు చేతులతో చాపాడు.

"వర్క్," అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు. ఆయనకి పని ఉందనే అనుకుంటోంది కదా. ఆ రోజు తన కోసం చెరువుకి రావడంతో ఏం జరిగిందో గట్టు మీంచి నేను చెప్పాను. ఆమె కళ్ళు నిండాయి. బ్రెడ్డు మొత్తం ఆ తువ్వాలులో పెట్టి, ఆయన చేతుల మీద చేతులు ఉంచి అలాగే నిలబడింది. చెంచమ్మ కూడా నీళ్ళలోకి దిగింది. మొగుడూ పెళ్ళాం తుంచుకుని తినడం మొదలుపెట్టారు.

పద్మనాభయ్య గడియారం తీసి చూశాడు. మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. 

"హజరత్తూ, వచ్చే ఏడు రొట్టెల రోజున ఓడ వచ్చిందంటే, ముందే పోటు చూసుకోని పడవని ఆ టైముకి పెట్టిస్తాలే. నిదానంగా ఇచ్చేసి రా. నువ్వు ముందు ఆ కారుకి హారను పెట్టించు."

హజరత్తయ్య నోటి నిండా రొట్టె ఉంది. తలూపాడు.