మందుల షాపు మీది ‘మ’

రోత అనే మాటను మా తమ్ముడి పెద్ద కొడుకు వాడినంత ధారాళంగా మరొకరు వాడగా నేను వినలేదు. అతడు బోర్డులు రాసే పెయింటరు. సుద్ద పూసిన దారం బిగించి కొట్టి, ఆ గీతల మధ్యనే అక్షరాల అంచులు దిద్దేవాడు. లోపల రంగు నింపడం అతని తమ్ముడి పని. వంకర గీత, పలచబడిన రంగు, వెంట్రుకలు అరిగిన కుంచె, అన్నీ అతనికి రోతే. అరిగిన కుంచెను ఆ పూటే చెత్తబుట్టలో పడేసేవాడు.

ఒకసారి మందుల షాపు యజమాని బోర్డు మొత్తం చిన్నవాడినే రాయమన్నాడు. అతడు దారం కొట్టకుండానే రాశాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూడసాగారు.

పెద్దవాడు నా దగ్గరకు వచ్చాడు. అన్నదమ్ములు పనిచేసే షెడ్డు నాది.

“పెదనాన్నా, వాణ్ని షెడ్డులోంచి పొమ్మనండి. వాడుంటే నేనుండను.”

“ఏం చేశాడు?”

“వాడి రాత చూస్తే నాకు రోత. ఆ ‘మ’ తోక చూశారా? తీగ పాకినట్టు పైకి పోయింది. అదీ ఒక రాతేనా?”

ఒకరి మాట మాత్రమే విని ఇంకొకరి పొట్ట కొట్టడం న్యాయం కాదు. పెద్దవాడి భార్యను అడిగాను.

“రోతో ఏమో నాకు తెలీదు మావయ్యగారూ. రోజూ మందుల షాపు మీదుగా చుట్టు తిరిగి ఇంటికొస్తున్నారు. అన్నం ముందు కూర్చుని కంచం అంచు మీద వేలితో ఆ తోకే గీస్తున్నారు. ముందు కూర కలుపుకోండి మహానుభావా అంటే కసురుతున్నారు.”

ఇద్దరినీ పిలిపించాను.

“కుళ్లు కంపు తగిలితే ముక్కు మూసుకుని పోతాం. మళ్లీ వాసన చూడ్డానికి వెనక్కి రాం. రోత అంటే అది,” అన్నాను పెద్దవాడితో. “నువ్వు కొన్నాళ్లు దగ్గరి దారిన ఇంటికి పో. ఆ బోర్డు వైపు చూడకుండా ఉండగలిగితే వీణ్ని నేనే పంపించేస్తాను.”

“ఆ దారంతా గుంటలు పెదనాన్నా.”

“నువ్వు పుట్టకముందు నుంచీ ఉన్నాయిరా.”

పెద్దవాడు తమ్ముడి వైపు తిరిగాడు. గొంతులో అడగక తప్పని వాడి కోపం ఉంది.

“ఆ తోక ఏ కుంచెతో లాగావురా?”

“నువ్వు పారేసిన దాంతోనే అన్నయ్యా. అరిగిన కుంచె ఒకవైపుకి ఒరుగుతుంది. మలుపు దానంతటదే తిరుగుతుంది.”

పెద్దవాడు లేచి వెళ్లిపోయాడు.

చిన్నవాడు షెడ్డులోనే ఉన్నాడు. అతన్ని పంపించమని గానీ, అతని రాత రోత అని గానీ పెద్దవాడు నాతో మళ్లీ అనలేదు. అరిగిన కుంచెలు చెత్తబుట్టలో పడటం కూడా ఆనాటితో ఆగిపోయింది. అవి ఇప్పుడు ఒక రేకు పెట్టెలో భద్రంగా ఉన్నాయి. దాని తాళంచెవి పెద్దవాడి జేబు దాటదు.