ఎర్రగుడ్డ కట్టిన తీగ

వీరరాఘవయ్య చేతిలో పెరిగిన తమలపాకు నోట్లో వేసుకుంటే వెన్నలా కరిగేదని తుని వైపు ఇప్పటికీ చెప్పుకొంటారు. చదివింది ఊరిబడిలో ఐదో తరగతే అయినా, ఆకుతోటల పోటీలో కలెక్టరు చేత శాలువా కప్పించుకున్న మనిషి. తెగులు తగిలి చుట్టుపక్కల తోటలన్నీ ఎండిపోయిన ఏడాది కూడా ఆయన తోట పచ్చగా నిలబడింది. అందుకే సినిమా నిర్మాత వరప్రసాద్, సొంత ఊరి మనిషని ఏరికోరి తీసుకొచ్చి, జూబ్లీ హిల్స్ ఇంటి మేడమీది తోట అప్పగించాడు. "ఈ చుట్టుపక్కల మేడ మీద ఆకుతీగ పాకించినవాణ్ణి నేనొక్కణ్ణే" అని వచ్చినవాళ్లందరికీ చెప్పడం వీరరాఘవయ్యకు అలవాటు.

మొన్నటి వానలకు ఆ తీగకే తెగులు పట్టింది. ఆకుల మీద నల్లమచ్చలు, మొదలు దగ్గర కుళ్లు. ఊళ్లో వాడిన పొడిమందునే నీళ్లలో కలిపి తీగ మొదలు దగ్గర పోశాడు. అంతర్వాహిక మందు అంటారు దాన్ని వ్యవసాయశాఖ వాళ్లు. వేరు తాగి, కాండంలోకి ఎక్కి, ఆకు ఆకుకీ పాకుతుంది. కడిగితే పోదు. దాని బలం తగ్గేదాకా ఆకు తెంపకూడదు.

మందు వేసిన తోటకు ఆయన ఊళ్లో ఎర్రగుడ్డ కడతారు. అది చూస్తే పశువుల కాపరి కూడా దారి మార్చుకుంటాడు. ఆయనా కుండీలోని కర్రకు ఎర్రగుడ్డ కట్టి, చేయవలసింది చేశాననుకున్నాడు. ఇంట్లో ఎవరికీ నోటితో చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు.

మర్నాడు పొద్దున యూసుఫ్‌గూడ వెళ్లి ఎరువు తెచ్చుకుని మేడెక్కేసరికి తీగ బోడిగా ఉంది. ఎర్రగుడ్డకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

పరుగున కిందికి వచ్చాడు. "అమ్మగారూ, ఆకులేవండీ?"

వరప్రసాద్ తల్లి పుష్పవల్లి పూజగదిలోంచి తల బయటపెట్టింది. "ఇవాళ మన సినిమా ముహూర్తం కదయ్యా! తాంబూలాలకి కోయించాను. నువ్వేగా ముడుపు కట్టింది? మంచి శకునమని బొట్టు పెట్టి మరీ కోయించా."

"ముడుపు కాదమ్మా! మందు పోశాను దానికి!"

"శుభ్రంగా కడిగించాను లేవయ్యా."

"కడిగితే పోయేది కాదమ్మా, ఆకు లోపలుంటుంది. ప్రణతమ్మ కూడా వెళ్లిందా?"

"తాంబూలాలతోపాటే వెళ్లిందయ్యా" అంటూ పుష్పవల్లి హారతి పళ్లెం కింద పెట్టేసింది. ప్రణతి ఆమె మనవడి భార్య. కడుపుతో ఉంది. వికారం తగ్గుతుందని తరచూ ఆకు నములుతోంది. ఆ మందు వేసిన తోటలోకి గర్భిణీ కూలీలను అడుగుపెట్టనివ్వొద్దని వ్యవసాయాధికారి గట్టిగా చెప్పిన మాట వీరరాఘవయ్య చెవుల్లో గింగురుమంది.

ముహూర్తం దగ్గర ఎవరూ ఫోనెత్తలేదు. మందు సంచి చేత పట్టుకుని కారెక్కాడు. డ్రైవర్ నర్సింహ అద్దంలోంచి చూశాడు.

"ఏంది తాతా, గిట్ల వణుకుతున్నవ్? సినిమాల వేషమిచ్చిండ్రా ఏంది?"

"తొందరగా పోనియ్యి నాయనా, నీకు పుణ్యముంటుంది."

"జర ముందట చూడు, అన్నీ కార్లే. మనదానికి రెక్కలు లెవ్వు గదా!"

ఆకుల్లో పురుగుందని చెబితే చాలదా అనుకున్నాడు దారిలో. తన పేరు నిలబడుతుంది. కానీ పిల్ల ఇప్పటికే నమిలి ఉంటే? సంచి మీది మందు పేరు పైకి కనబడేలా తిప్పి పట్టుకున్నాడు.

ఫిల్మ్‌నగర్ గుడి దగ్గర కెమెరాకు కొబ్బరికాయ కొడుతున్నారు. ప్రణతి బుగ్గన ఆకు ఉంది.

"ప్రణతమ్మా! ఉమ్మెయ్యి! మింగకు!"

అందరూ వెనక్కి తిరిగారు. వరప్రసాద్ పళ్లు కొరికాడు. "ముహూర్తం వేళ ఏంటయ్యా ఈ అరుపులు?"

"తీగకి మందు పోశాను బాబూ. విషం. ఎవరికీ చెప్పలేదు. తప్పు నాది. ఆకు ఎవరూ తినకండి!"

ప్రణతి ఉమ్మేసింది. మూతి తుడుచుకుంటూ మెల్లగా అంది. "ఇది రెండోది తాతగారూ. మొదటిది మింగేశాను."

ఆసుపత్రిలో డాక్టరమ్మ సంచి మీది పేరు చదివి, పరీక్షలు చేసింది. ఒక్క ఆకుతో ఏమీ కాకపోవచ్చనీ, అయినా వచ్చే స్కానింగ్‌లో జాగ్రత్తగా చూద్దామనీ చెప్పింది. బయట బల్ల మీద పుష్పవల్లి గొంతు తగ్గించి అడిగింది. "ఈ మందు వల్ల మీ ఊళ్లో ఎవరికైనా ఏమైనా అయిందా రాఘవయ్యా?"

తోట ఊసెత్తితే ఆగని మనిషి, "స్కానింగ్‌కి నేనూ వస్తానమ్మా" అని మాత్రం అన్నాడు.

స్కానింగ్ రోజు పొద్దున మేడ ఎక్కితే తీగ చిగురించి ఉంది. ఒక్క మచ్చ లేదు. మందు గొప్పగా పనిచేసింది. నిగనిగలాడే ఆ చిగురులోనూ ఆ మందే ఉందనుకున్నాడు. పీకేద్దామని చెయ్యి చాచాడు. పీకింది ఎక్కడ పడేయాలో తోచక ఆగిపోయాడు.

"తాతగారూ, కారు సిద్ధం! వస్తున్నారా?" కింద నుంచి ప్రణతి పిలిచింది.

తీగను ముట్టకపోయినా కుళాయి దగ్గర చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, వీరరాఘవయ్య మెట్లు దిగాడు.