షాఫ్టులకు తలంటు

మొన్న మా పెరట్లో బోరు మోటారు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ కొత్త షాఫ్టు ఒకటి తెచ్చి, దాని చుట్టూ ఉన్న గోధుమరంగు కాగితాన్ని పర్రున చించి అవతల పారేశాడు. లోపల షాఫ్టు తళతళ మెరుస్తోంది. దాని మీద గ్రీజు లేదు, నూనె లేదు, మైనం లేదు. ఇదేమిటయ్యా, వానాకాలంలో ఒట్టి కాగితం చుట్టి పంపారని అడిగితే, మందు ఆ కాగితంలోనే ఉంటుందండీ, దాని ఆవిరికి తుప్పు దగ్గరికి రాదు అని చెప్పి తన పనిలో తాను పడ్డాడు. నాకు సంతోషం కలగలేదు సరికదా, ఒళ్ళు మండింది. నా ఈడువాళ్ళలో ఇనుముతో వేగినవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకు ఈ మంట తెలుస్తుంది. ఎనభైల్లో మాకీ కాగితం దొరికి ఉంటే ఎంత బాగుండేదనుకున్నాను. మరుక్షణమే, దొరికినా ఏం లాభం, మా మేనత్త దాన్నీ విప్పించి ఉండేది అని గుర్తొచ్చింది.

మా తాతగారికి అద్దంకి రోడ్డు మీద పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు ఉండేది. నాకు మీసాలు వచ్చేసరికి అది చేతులు మారింది. కొన్నది తాతగారి దగ్గర గుమాస్తాగా చేసినాయన కొడుకు. ఎందుకు పోయింది, ఎలా పోయింది అన్నది మా ఇంటి సంగతి, ఇక్కడ చెప్పను. మాకు మిగిలింది మిల్లుకు ఎదురుగా ఉన్న గోడౌను ఒక్కటే. అందులో సగం మిర్చి వ్యాపారికి అద్దెకిచ్చి, మిగతా సగంలో లేతు మిషను పెట్టుకున్నాను. వేసవిలో అవతల మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, దించుతుంటే ఇవతల మేము తుమ్ముకుంటూ ఇనుము చెక్కేవాళ్ళం. అయినా నేను ఇస్త్రీ చొక్కా లేకుండా షెడ్డులో అడుగు పెట్టేవాణ్ణి కాదు. పడిపోయిన ఇల్లు అని జాలిపడే అవకాశం ఎవరికీ ఇవ్వకూడదని నా పట్టుదల.

ఆ మిల్లు వాళ్ళు తమ మిషన్లకు కావలసిన షాఫ్టులు ఏటా కోయంబత్తూరు నుంచి తెప్పించుకునేవారు. ఒక ఏడు ఏమనుకున్నారో, మేస్త్రి చేత మాకే కబురంపారు. పత్తి రాబడి మొదలయ్యేలోపు మిషన్లు బిగించాలి, దసరా మర్నాడు ఏకాదశి ముహూర్తానికి షాఫ్టులు అందాలి అన్నారు. అవి బాగుంటే ఏటా మాకే పని. బాగాలేకపోతే మళ్ళీ కోయంబత్తూరే. చేతిలో అంతకు మించిన పని మరొకటి లేదు కాబట్టి షెడ్డు తలుపులు తెరిచి ఉండాలా, మూసుకోవాలా అన్నది వాటి మీదే ఉంది. దానికన్నా, ఆ ఇంటివాళ్ళకు సొంత మిల్లు నిలబెట్టుకోవడమూ రాలేదు, దానికో షాఫ్టు చేయడమూ రాలేదు అని ఆ గేటు దగ్గర నవ్వుకుంటారేమోనన్న ఊహ నాకు నిద్ర పట్టనివ్వలేదు.

షాఫ్టు చెక్కడం ఒక ఎత్తు, చెక్కినదాన్ని వానల్లో కాపాడుకోవడం మరో ఎత్తు. నునుపు తేలిన ఇనుము పసిబిడ్డ ఒళ్ళులాంటిది. చెమట చెయ్యి పడితే చాలు, మర్నాటికి వేలిముద్రలు ఎర్రగా లేస్తాయి. బేరింగు కూర్చునే చోట వెంట్రుకవాసి గుంట పడినా ఆ షాఫ్టు పనికిరాదు. రుద్దితే గుంట పోదు, మళ్ళీ చెక్కితే లావు తగ్గి బేరింగు వదులవుతుంది. అందుకని లేతు నడిపే మా టర్నరు, నేను చేతులకు పాత బనీను గుడ్డలు చుట్టుకుని, ఒక్కొక్కదాన్ని కిరసనాయిలుతో తుడిచి, గోరువెచ్చని గ్రీజు పట్టించి, మైనం కాగితం చుట్టి, నేల చెమ్మ తగలకుండా చెక్క దిమ్మల మీద పడుకోబెట్టాం. వాటిని ఎవరూ ముట్టుకోవద్దని టర్నరుకు గట్టిగా చెప్పి నేను దర్శి వెళ్ళాను. కొత్త అల్లుణ్ణి, పండక్కి అత్తవారింటికి వెళ్ళక తప్పలేదు.

ఇక మా మేనత్త. పెళ్ళయి మా వీధి చివరే కాపురం ఉన్నా, పుట్టింటి పెత్తనం ఒక్కరోజు వదిలిన మనిషి కాదు. తాతగారి కాలంలో దసరా నాడు మిల్లు మిషన్లకు బొట్టు పెట్టింది తనే కనుక, ఆ ఏడు లేతుకు పెడతానని పళ్ళెం పట్టుకుని షెడ్డుకు వచ్చింది. లేతుకు పెట్టి ఊరుకుంటే నేనీ కథ చెప్పేవాణ్ణి కాదు. పుట్టింటి మిల్లుకు వెళ్ళబోయే సరుకు అక్కడ ఉందని విన్నది. కాగితాలు విప్పించింది. లోపల గ్రీజు చూసి, జిడ్డు ఒంటికి బొట్టేమిటని, కుంకుడు రసం తెప్పించి, షాఫ్టులన్నిటికీ శుభ్రంగా తలంటు పోయించింది. ఆ తరువాత పసుపునీళ్ళు, కుంకుమ బొట్లు, వాటి మీద కొబ్బరినీళ్ళు. ఆ సాయంత్రం నుంచి తెల్లవార్లూ ముసురు.

ఏకాదశి పొద్దున నేను బస్సు దిగి వచ్చేసరికి షాఫ్టులు వరుసగా ఉన్నాయి. ఒక్కో బొట్టు కింద ఒక్కో ఎర్రటి మచ్చ. పసుపునీళ్ళు కారిన దారులన్నీ ఇటుకరంగు చారలు. ముందు టర్నరు మీద పడ్డాను. అతను అప్పటిదాకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"చెప్పబోయానండీ. కానీ నేను ఆదివారం చర్చికి పోయేవాణ్ణి. పూజ దగ్గర నిలబడి వద్దమ్మా అంటే నా నోటి నుంచి అది ఎట్టా వినపడుద్దో మీరే ఆలోచించండి."

అతను అన్నదీ నిజమే. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు, వీధి చివరికి నడిచింది. మేనత్త వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"ఏం చేశావో తెలుసా అత్తయ్యా? సరుకంతా నాశనమైంది."

"బొట్టు పెడితే నాశనమయ్యే సరుకేమిటిరా? మీ తాతగారి మిషన్లకు ఏటా పెట్టాను. ఒక్కటీ నాశనం కాలేదు."

అవి రంగు వేసిన మిషను దిమ్మలు, ఇది పచ్చి ఇనుము అని ఎంత చెప్పినా ఆవిడ చిక్కుడుకాయల మీద నుంచి తలెత్తలేదు. పైగా, ఆ మచ్చలు చూస్తే వాళ్ళు కళ్ళకద్దుకుంటారు, అలాగే పంపమంది. ఇంకాస్త సేపు ఉంటే నోరు జారతానని వచ్చేశాను.

షెడ్డులో టర్నరు, గరుకు కాగితంతో రుద్ది గ్రీజు దట్టంగా పూస్తే పైకి కనపడదండీ, చాలామంది చేసేదే అన్నాడు. మా షెడ్డు నుంచి దొంగ సరుకు వెళ్ళదని చెప్పాను. అయితే ఎదురు మిల్లుకు వెళ్ళి గడువు అడగండి అన్నాడు. అదీ నా వల్ల కాదు. మా తాతగారు కూర్చున్న గదిలోకి చేతులు కట్టుకుని ఎలా వెళ్ళను? ఆ పూటంతా ఎటూ తేలక ఇనుము ముందు కూర్చున్నాను.

నేను అన్నానికి ఇంటికి వెళ్ళిన సమయంలో మేనత్త పట్టుచీర కట్టుకుని వచ్చి, ఒక షాఫ్టు టర్నరు చేత మోయించుకుని, సరాసరి ఆ గేట్లోకి వెళ్ళిందట. ఎవరు ఉసిగొల్పారో, తనకే ఏం తోచిందో నాకు ఇప్పటికీ తెలియదు. మిల్లు యజమాని ఆవిణ్ణి చూసి లేచి నిలబడ్డాడట. ఆవిడ కూర్చోమన్నా కూర్చోకుండా, ఇది నా నిర్వాకం, మావాడి పని తప్పు కాదు, మళ్ళీ చేసిస్తాడు, నీ ముహూర్తం కాస్త వెనక్కి జరుపుకో అందట. ఆయన షాఫ్టు తిప్పి చూసి, నవ్వు ఆపుకుని, అలాగేనన్నాడట. ఆ పైన అన్న మాట టర్నరు నాకు ఉన్నదున్నట్టు చెప్పాడు.

"వచ్చే ఏటి నుంచి షాఫ్టులు మిషన్లో బిగించేశాక కబురు చేస్తానమ్మగారూ. మీరే వచ్చి పైన దిమ్మకు పెడుదురుగాని."

ముహూర్తం వాయిదా వేశాడు. మళ్ళీ చేశాం, అందించాం, అవి నిలబడ్డాయి. ఆ ఏటి నుంచి పని మాదే అయింది. దానితోపాటు, ప్రతి దసరాకూ ఆవిడ మా షెడ్డు ముందు నుంచే పళ్ళెంతో ఆ గేటుకు నడిచి వెళ్ళడం కూడా మొదలైంది. నాకు తల కొట్టేసినట్టుండేది. అది వాళ్ళ మిల్లు, పిలిచారని వెళ్ళడం మనకు నామోషీ అని ఎన్నిసార్లు చెప్పానో. మన పిల్లనిచ్చిన ఇంటికి వెళ్ళడానికి నామోషీ ఏమిట్రా, షాఫ్టులు మనవేగా అనేది.

ఇప్పుడు మేనత్త లేదు. మిల్లు మూతపడి, ఆ స్థలంలో మిర్చికి కోల్డ్ స్టోరేజీ కట్టారు. మిషన్లు విప్పి పాత ఇనుముకు అమ్మిన రోజున లారీ మా షెడ్డు ముందే ఆగింది. బేరింగులు ఊడదీసిన షాఫ్టులు పైనే పడేసి ఉన్నాయి. వాటి మీద ఎక్కడా మచ్చ లేదు. చినుకులు మొదలయ్యాయి. టార్పాలిన్ కప్పవయ్యా అని డ్రైవరు మీద అరిచాను. పాత ఇనుమేగా పెద్దాయనా, తడిస్తే ఏమవుద్ది అన్నాడు. నిజమే, ఏమీ కాదు, కాటా మీద తూకం కూడా తగ్గదు. కానీ ఒకప్పుడు తడిస్తే ఏమవుతుందోనని ఒక షెడ్డు షెడ్డంతా హడలిపోయేది, దాని కోసం ఒక పెద్దమనిషి పట్టుచీర కట్టుకుని ఎదుటివాళ్ళ గేటు దాటింది. ఆ లారీ అద్దంకి వైపు మలుపు తిరిగేదాకా, వాటి మీద వాన పడుతూనే ఉంది.