శుక్రవారం నాటి నిమ్మరసం

బోధన్‌లో దాసు ఉండే గల్లీకి నల్లా నీళ్లు ఆగిపోయాయంటే పైపు పగిలి కాదు, ఎండలు ముదిరి కాదు. మునిసిపల్ ఎన్నికల్లో ఆ గల్లీవాళ్లు పరమేశ్వర్‌కు ఓటెయ్యలేదు. అయినా పరమేశ్వర్ గెలిచాడు, కౌన్సిలర్ అయ్యాడు. అయిన కొద్దిరోజులకే వాల్వు తిరిగింది. పక్క గల్లీలో నీళ్లు మోరీల పాలవుతుంటే, ఈ గల్లీ ఆడవాళ్లు బిందెలు పట్టుకుని అక్కడి నల్లాల ముందు నిలబడ్డారు. మోకాళ్ల నొప్పులతో దాసు భార్య కమలమ్మ కూడా ఆ వరుసలోనే ఉంది.

దాసు ఊరుకున్నాడా? ఊరుకోలేదు. కమలమ్మ మోసుకొచ్చిన నీళ్లతో కాచిన చాయ్ తాగుతూ, అరుగు మీద కూర్చుని ఈ అన్యాయాన్ని తీవ్రంగా ఖండించాడు.

ఖండించడం ఆయనకు బాగా వచ్చు. చిన్నప్పుడు నిజామాబాద్‌లో కాన్వెంటు చదువు చదివి, పెద్దయ్యాక బస్సు కండక్టరయ్యాడు. చిల్లర లేదన్న మాటను ఇంగ్లిషులో చెప్పిన కండక్టరు జిల్లాలో తానొక్కడేనని ఇప్పటికీ చెప్పుకుంటాడు. కాన్వెంటు సిస్టర్లు ఆయనకు ఇంకొకటి కూడా నేర్పారు: ఎవరైనా ఏదైనా ఇస్తే వద్దనకూడదు, థ్యాంక్యూ చెప్పి తీసుకోవాలి. ఇంగ్లిషు కొంత మరిచిపోయాడు గానీ ఇది మాత్రం మరిచిపోలేదు.

చివరికి గల్లీ మొగదల టెంటు వేసి రిలే నిరాహార దీక్ష మొదలుపెట్టారు. రోజుకొకరు పొద్దున కూర్చుని సాయంత్రం లేవాలి. టెంటు ఖాళీగా కనిపిస్తే చాలు, దీక్ష విరమించారని మునిసిపాలిటీవాళ్లు పీకేస్తారు. ఎవరు ఏ రోజు కూర్చోవాలో చూసే పని పసుపు రైతు లింబయ్యది.

"దాసన్నా, నీ వంతు ఏ రోజు పెట్టాలె?"

దాసు తన బీపీ గురించి చెప్పబోయాడు. అంతలో కమలమ్మ బిందెతో గుమ్మంలోకి వచ్చింది.

"శుక్రవారం పెట్టు," అన్నాడు.

"శుక్రవారం గుడ్ ఫ్రైడే గదనే."

"అందుకే. గా రోజు ఎట్లా ఏం తినను. ఒక్క ఉపాసంల రెండు పనులైతయి."

కమలమ్మ బిందె దించి, "దేవునికి, గల్లీకి ఒక్కటే టికెట్ కొట్టినవా?" అంది.

అయితే అంత తెలివైనవాడూ ఒకటి మరిచాడు. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా చర్చి గుడిలో ఆరాధన ఉంటుంది. అది గుర్తొచ్చేసరికి దాసు టెంటులో ఒంటరిగా ఉన్నాడు. లింబయ్య పసుపు బస్తాలతో నిజామాబాద్ యార్డుకు పోయాడు. మిగతావాళ్లలో ఒకరికి పెళ్లి, ఒకరికి వరికోత. తెల్లచీర కట్టుకుని గుడికి బయల్దేరిన కమలమ్మను చూసి దాసు గబగబా లేచాడు. దేవుడే దారి చూపాడనుకున్నాడు.

"నువ్వెక్కడికయ్యా? నువ్వు లేస్తే టెంటు పీకుతరు. నీ వంతు ప్రార్థన గూడ నేనే జేస్త."

"నేను రాలేదేందని దేవుడు అడిగితే?"

"డ్యూటీల ఉన్నడని చెప్త. మూడింటిదాకా మంచినీళ్లు గూడ ముట్టకు, చెప్తున్న."

అది వాళ్లింటి ఆనవాయితీ. దాసు కూర్చున్నాడు.

ఒంటిగంటకు కారు దిగి పరమేశ్వర్ వచ్చాడు. వెంట ఒక ఫొటోగ్రాఫర్, చేతిలో ఐసుముక్కలు తేలుతున్న నిమ్మరసం గ్లాసు. ఎందుకొచ్చాడో దాసుకు వెంటనే తెలిసింది. ఆ గ్లాసు తాగితే ఫొటో పేపర్లో వస్తుంది, దీక్ష ముగిసిందంటారు, టెంటు పోతుంది, కమలమ్మ మళ్లీ పక్క గల్లీకి పోతుంది. ఇవన్నీ తెలిసి కూడా దాసు కళ్లు గ్లాసు మీదే ఉన్నాయి. గొంతు ఎండిపోయింది. కాన్వెంటు మర్యాదకు చెయ్యి దానంతటదే లేచింది.

"తీస్కో దాసన్నా. పెద్దమనిషివి, ఎండల కూసుంటే మాకు బాధయితది."

అప్పుడు దాసుకు భయమేసింది. పరమేశ్వర్ అంటే కాదు, కమలమ్మ అంటే.

"థ్యాంక్యూ సార్. ఇయ్యాల గుడ్ ఫ్రైడే. మూడింటిదాకా ముట్టను."

పరమేశ్వర్ చిక్కులో పడ్డాడు. బలవంతం చేస్తే గుడివాళ్ల ఓట్లన్నీ పోతాయి. అందుకని పెద్దమనసుతో, "అయితే మూడింటిదాకా నేను గూడ ఈడనే కూసుంట," అని కుర్చీ లాక్కున్నాడు.

గ్లాసు వైపు చూడకుండా ఉండాలంటే దాసుకు ఒకటే దారి. కథ చెప్పడం మొదలుపెట్టాడు.

"నందిపేట్ రూట్ల ఉన్నప్పుడు సార్, గోదారి పొంగి రోడ్డు మీదికొచ్చింది. వెనక డోరుకెళ్లి మొసలి ఎక్కింది. ప్యాసింజర్లందరు సీట్లమీద నిలవడ్డరు. నేను పోయి టికెట్ అన్న. నోరు తెరిచింది. తోకకు లగేజి గూడ అయితదన్న. దిగిపోయింది."

బిందెలతో పోతున్న ఆడవాళ్లు ఆగారు. నీళ్ల బిందె చంకనెత్తుకున్న ముసలి రాములవ్వ కౌన్సిలర్ వైపు చూసి, "మొసలి నయం, చెప్పంగనే దిగింది," అంది.

కథ సాగేకొద్దీ జనం పెరిగారు. మూడింటికి గుడి విడిచి తెల్లబట్టల్లో వచ్చినవాళ్లూ అక్కడే నిలబడ్డారు. పరమేశ్వర్ చెమట తుడుచుకుని గ్లాసు అందించాడు. దాసు తీసుకునేవాడే, అనుమానం లేదు. నడుమ కమలమ్మ చెయ్యి వచ్చి గ్లాసు అందుకుంది.

"ఐసు కరిగింది సార్. ఇందుల నీళ్లు ఏ గల్లీయి?"

కమలమ్మ గ్లాసును మళ్లీ ఆయన చేతికే ఇచ్చింది.

"మా నల్లా నీళ్లతోని కలిపి తెండ్రి. మా ఆయన తాగుతడు."

ముందు రాములవ్వ నవ్వింది, తర్వాత గల్లీ అంతా నవ్వింది. పరమేశ్వర్ ఫొటోగ్రాఫర్ వైపు చూశాడు. వాడు వీడియో తీస్తున్నాడు. చేసేదిలేక అందరి ముందే ఎవరికో ఫోన్ చేశాడు. సాయంత్రానికి నల్లాలు దగ్గాయి, ఎర్రనీళ్లు కక్కాయి, తర్వాత తేటపడ్డాయి.

ఆ రోజు నుంచి దాసు నోట్లో ఆ గ్లాసు జగ్గయింది, జగ్గు బకెట్టయింది. పరమేశ్వర్ కాళ్లు పట్టుకున్నా తాను కరగలేదట. శుక్రవారం కాకపోయుంటే ఏమయ్యేదో ఎవరూ అడగలేదు. దాసు మాత్రం తనను తాను ఒకట్రెండుసార్లు అడిగి, జవాబు నచ్చక మానేశాడు.

ఆ నెల తిరక్కముందే నల్లాలు మళ్లీ ఎండాయి. టెంటు మళ్లీ లేచింది. లింబయ్య మళ్లీ వచ్చాడు.

దాసు గోడమీది క్యాలెండర్‌ను పైనుంచి కిందికి వెతికాడు. ఉపవాసాలన్నీ అయిపోయాయి. గుమ్మంలో కమలమ్మ ఖాళీ బిందెతో, ఒక చెయ్యి మోకాలి మీద వేసి నిలబడి ఉంది.

"సోమవారం పెట్టు," అన్నాడు.

"సోమవారం ఏమున్నదే?" అన్నాడు లింబయ్య.

"ఏం లేదు," అన్నాడు దాసు. "గదే భయం."