పసుపు క్లిప్పు

"క్లిప్పు తీసుకున్నావా, లేదా? అది చెప్పు చాలు."

"ఎన్నిసార్లు చెప్పాలి విల్ఫ్? తీసుకోలేదు. ఒప్పుకున్నాను కదా. బ్యాటరీ ఉందో లేదో చూద్దామని కారు పక్కన నిలబడి ఒక్క క్షణం రిమోట్ మీట నొక్కాను. అంతే."

"ఆ క్షణం చాలు. నా పదిహేడు పోయింది."

"నా వల్ల పోయిందో, నీళ్లు తాగి పోయిందో. కొలను ఎండగడుతున్నారుగా, తేలిపోతుంది."

"నోరు జాగ్రత్త డెస్. నేను మూసిన గొట్టంలోకి నీళ్లా? నువ్వు పుట్టకముందు నుంచీ మూస్తున్నా."

"నీకంటే రెండేళ్లే చిన్నోణ్ణి. పుట్టకముందు నుంచి అంటే ఉయ్యాల్లోనే మొదలుపెట్టినట్టున్నావు."

పార్కు కొలను చుట్టూ ఉన్న ఇనుప కంచెకు లోపల విల్ఫ్ కాసన్, బయట డెస్ ఫెల్. నేను మా బొమ్మ పడవల క్లబ్బు షెడ్డులో టీ కలుపుకుంటున్నాను. వినాలని వినలేదు. మా బారో ఊళ్లో సముద్రపు గాలి ఎదురుగా ఉన్న వాల్నీ దీవి మీదుగా వచ్చి ఎవరి మాటనైనా ఊరంతా మోస్తుంది. అయినా ఆ పోట్లాట నాకు నోటికి వచ్చు. మూడేళ్లుగా అదే పోట్లాట. మధ్యలో డెస్‌కు దగ్గు తెర వచ్చినప్పుడు విల్ఫ్ ఆగుతాడు. అది తగ్గాక వదిలిన మాట దగ్గరే మళ్లీ అందుకుంటాడు.

క్లిప్పు సంగతి చెప్పాలి. షెడ్డు గోడకు ఒక చెక్క ఉంది. దానికి బట్టలు ఆరేసుకునే క్లిప్పులు, రంగుకొకటి. ఒక్కో రంగు రేడియోలో ఒక్కో దారి, అంటే ఛానెల్. నీ పడవ పసుపు దారిలో నడిచేదైతే పసుపు క్లిప్పు తీసి కాలరుకు పెట్టుకున్నాకే రిమోట్ మీట నొక్కాలి. చెక్క మీద క్లిప్పు లేదంటే ఆ దారిలో ఇంకెవరో ఉన్నట్టు. వాళ్ల పడవ ఒడ్డుకు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోవాలి. ఇద్దరూ ఒకే దారిలో నొక్కితే పడవకు ఎవరి మాట వినాలో తెలియదు. నీళ్లపైన ఉన్న పడవ అయితే గట్టుకు గుద్దుకుంటుంది, తిట్టుకుని ఊరుకుంటాం. నీళ్లలో ఉన్నది అయితే మరి పైకి రాదు.

ఇప్పుడు నీళ్లపైన నడిచే పడవల వాళ్లంతా కొత్త రేడియోలకు మారిపోయారు. వాటికి క్లిప్పు గొడవ లేదు. కానీ కొత్త రేడియో మాట నీళ్లలోకి దిగదు, జానెడు లోతుకే చచ్చిపోతుంది. అందుకని జలాంతర్గాములు కట్టే మేం నలుగురైదుగురమే పాత రేడియోలు పట్టుకుని వేలాడుతున్నాం. మిగతావాళ్లు ఆ క్లిప్పులతో సగం తిన్న చిప్స్ పొట్లాలు మూసుకుంటారు. అలాంటి చోట క్లిప్పు మరిచిపోవడం ఎంత తేలికో, మరిచిపోతే ఎంత నష్టమో మాకే తెలుసు.

విల్ఫ్‌దీ డెస్‌దీ ఒకటే రంగు. ఒకేరోజు ఒకే దుకాణంలో కావాలనే కొన్నారు. ఒకడు ఆడిస్తుంటే ఇంకొకడు వంకలు పెట్టవచ్చని. డెస్ విల్ఫ్ భార్య మ్యూరియల్‌కు తమ్ముడు. పదిహేనేళ్ల డెస్‌ను చెయ్యి పట్టుకుని యార్డు గేటు దాటించింది, అప్పటికే అక్కడ పనిలో ఉన్న విల్ఫే.

ఈ ఊళ్లో యార్డు అంటే ఒకటే. అక్కడ కట్టేది జలాంతర్గాములు. విల్ఫ్ అందులో గొట్టాల పనివాడిగా చేరి, చివరికి నీటి ఒత్తిడి పరీక్ష చేసే ముఠాకు పెద్ద అయ్యాడు. అతుకు వేసినవాడు ఎవడైనా కావచ్చు, అది నీళ్లు ఆపుతుందో లేదో తేల్చేవాడు విల్ఫ్. ఆయన సంతకం పడ్డాక ఒక్క అతుకూ కారలేదు. ఇది ఆయన చెప్పుకోవడమే కాదు, ఊరూ చెబుతుంది. మా నాన్న కూడా చెబుతాడు. మా నాన్న ఎవరినీ ఊరికే మెచ్చుకోడు, నన్నయితే అసలే మెచ్చుకోడు.

ఒకటి మాత్రం విల్ఫ్‌కు ముల్లులా ఉండేది. కట్టిన పడవ ఒక్కటి కూడా మునిగి లేవడం ఆయన చూడలేదు. నీళ్లలోకి దించే రోజు బ్యాండు వాయిస్తారు, టోపీలు ఎగరేస్తారు. తర్వాత ఏదో ఒక తెల్లవారుజామున పడవ వెళ్లిపోతుంది. ఎక్కడికో ఎవరూ చెప్పరు, అడగకూడదు. "పిల్లల్ని కని సంతలో వదిలేసినట్టు" అనేవాడు. పింఛను మొదలయ్యాక ఇంటి వెనక తన షెడ్డులో కూర్చుని తనవి తాను కట్టుకోవడం మొదలుపెట్టాడు. నిలువెత్తు మనిషి పొడవుండే నల్లటి పడవలు. వాటికి పేర్లు పెట్టలేదు. యార్డులో పేరు పెట్టేది దొరసానులు, కట్టేవాళ్లకు నంబరే, అనేవాడు. అలా పదిహేడుదాకా వచ్చాడు.

పదిహేడు మునిగితే చూడాలి. ముక్కు వంగేది కాదు, ఊగేది కాదు. నిలబడిన చోటే నీళ్లు తనను మింగుతున్నట్టు దిగేది. కాస్త బుడగలు. తర్వాత ఏమీ లేదు. కొలనులో బాతులు మాత్రం తెలిసినట్టు పక్కకు జరిగేవి. మళ్లీ ఎక్కడో అవతలి గట్టు దగ్గర నల్లటి వీపు తేలేది. అప్పుడు విల్ఫ్ నవ్వడు. ఊపిరి వదులుతాడు. నాకు కాలేజీలో మూడేళ్లు కూర్చోబెట్టినా కుదరని ధ్యాస ఆ నల్లటి వీపు చూసిన రోజు కుదిరింది. ఆ మాట ఆయనకు చెబితే, "కాలేజీ ఫీజు వాపసు అడుగు" అన్నాడు.

పడవ గుండెకాయ లోపలి గొట్టం. గాజులా లోపలంతా కనిపించే గట్టి ప్లాస్టిక్ గొట్టం, రెండు వైపులా మూతలు, మూత చుట్టూ నల్ల రబ్బరు చక్రం. మోటారు, బ్యాటరీ, రేడియో అన్నీ అందులోనే. చుట్టూ నీళ్లు ఉంటాయి, గొట్టంలో చుక్క ఉండకూడదు. మూత వేసిన ప్రతిసారీ చక్రానికి గ్రీజు రాసి, గట్టున ఉన్న తొట్టిలో ముంచి, టీ చల్లారేంత సేపు పట్టుకుని బుడగ వస్తుందేమో చూడాలి. ఆ అలవాటు మా అందరికీ నేర్పింది విల్ఫే. ముంచకుండా నీళ్లలో వదిలినవాణ్ణి ఆయన అందరి ముందూ చెరిగేసేవాడు.

పదిహేడు పోయిన రోజు క్లబ్బు పండుగ. గట్టు నిండా జనం. మధ్యాహ్నం చినుకులు పడుతుండగా పడవ మధ్య కొలనులో దిగింది. దిగింది, అంతే. విల్ఫ్ మీటలన్నీ నొక్కాడు. ముఖం సున్నం కొట్టినట్టు అయింది. సరిగ్గా అప్పుడే కార్ల వైపు నుంచి డెస్ తన రిమోట్ చేత్తో పట్టుకుని వస్తున్నాడు. కాలరుకు క్లిప్పు లేదు. పసుపు క్లిప్పు విల్ఫ్ కాలరుకు ఉంది.

తర్వాత జరిగింది తల్చుకుంటే నాకు ఇప్పటికీ క్లబ్బు మీద అసహ్యం వేస్తుంది. క్లిప్పు తప్పినవాణ్ణి ఒక సీజను దూరం పెట్టాలన్నది రూలు. విల్ఫ్ లేచి బతికినన్నాళ్లూ రానివ్వకూడదన్నాడు. చేతులెత్తమన్నారు. ఎత్తారు. డెస్ మీట నొక్కానని ఒప్పుకున్నాడు. రిమోట్ లోంచి బ్యాటరీలు తీసి జేబులో వేసుకుని వెళ్లాడు. మరుసటి వారం నుంచి కంచె బయట బెంచీ మీద ఫ్లాస్కుతో కూర్చోవడం మొదలుపెట్టాడు. లోపలికి రావద్దన్నారు గానీ చూడొద్దని అనలేదు కదా, అన్నాడు.

డెస్‌కు కూడా తెలియదు, అదీ సంగతి. తను నొక్కిన ఆ క్షణమే పడవను ముంచిందేమోనని ఆయనకూ అనుమానమే. ఒకసారి బెంచీ మీద నాతో అన్నాడు: "లోపల పొడిగా ఉంటే నేను చంపినట్టే అబ్బాయ్. తడిగా ఉంటే అదే చచ్చింది. ఏదో ఒకటి తెలిస్తే చాలు. యార్డులో మింగిన దుమ్ము ఊపిరితిత్తుల్లో రాయైంది, డాక్టరు ఎక్కువ రోజులు ఇవ్వలేదు. ఈ రాయి కూడా మోసుకుని పోలేను."

మ్యూరియల్ నలిగిపోయింది. ఆదివారం మధ్యాహ్నం మాంసం కాల్చి మొగుడికి వడ్డించి, మిగిలింది పళ్లెంలో పెట్టి, మీద ఇంకో పళ్లెం బోర్లించి, బస్సెక్కి తమ్ముడింటికి తీసుకెళ్లేది. గ్రేవీ చల్లారిపోయేది. "ముగ్గురం ఒక బల్ల దగ్గర కూర్చుంటే మీ ప్లాస్టిక్ బొమ్మ లేచి వచ్చి నన్ను కరుస్తుందా?" అని విల్ఫ్‌ను అడిగింది నా ఎదుటే. విల్ఫ్ పేపరు తిప్పాడు.

ఇప్పుడు పూడిక తీయడానికి మున్సిపాలిటీ వాళ్లు కొలను ఎండగట్టారు. ఆదివారం పొద్దున క్లబ్బంతా బురదలో దిగి, పోయిన పడవలు వెతుకుదామని అనుకున్నారు. డెస్‌ను కూడా రానివ్వాలని మ్యూరియల్ పట్టుబట్టింది. తేలేదేదో అతని కళ్లముందే తేలాలని. విల్ఫ్ ఒప్పుకున్నాడు. మొదట చెప్పిన పోట్లాట ఆ ఒప్పందం తర్వాతదే.

నాకు ఆగడం చేతకాదు. శనివారమే దిగాను. మోకాలి లోతు నల్ల బురద, కుళ్లిన గుడ్డు కంపు. సైకిల్ చక్రాలు, గోల్ఫు బంతులు. మధ్యలో, పిచ్చిగడ్డి కింద, కాలికి గట్టిగా తగిలింది. చేత్తో తడిమితే నున్నటి వీపు. పదిహేడు.

డెస్‌కు ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో పరీక్షలు, మ్యూరియల్ తోడు వెళ్లింది. పడవ ఎవరిదో వాళ్లకే ముందు చూపించాలి అనుకున్నాను. తోపుడు బండిలో వేసి, గోనె కప్పి, విల్ఫ్ షెడ్డుకు తోసుకెళ్లాను.

విల్ఫ్ పడవను తాకడానికి ముందు చేతులు కడుక్కున్నాడు. బురద తుడిచాడు, పైకప్పు విప్పాడు, లోపలి గొట్టం బల్ల మీద పెట్టాడు. గొట్టం సగందాకా ముదురు రంగు నీళ్లు. ఊపితే ఊగాయి.

"మూడేళ్లు నీళ్లలో ఉంటే ఏ రబ్బరైనా కారుతుంది" అన్నాడు. నన్ను చూడలేదు.

"అవును" అన్నాను. నిజంగానే అలా కావచ్చు.

మూత తిప్పాడు. నీళ్లు ఆయన చెప్పుల మీద పడ్డాయి. నల్ల చక్రాన్ని వేలితో పైకి లేపాడు. గ్రీజు ఇంకా తెల్లగా అంటుకుని ఉంది. ఆ గ్రీజులో, చక్రం కింద అడ్డంగా, ఒక ఎర్రటి ఊలు పోగు. అది ఎక్కడిదో అడగక్కర్లేదు. మ్యూరియల్ అల్లిన ఎర్ర స్వెట్టరు చలికాలం ఎండాకాలం ఆయన ఒంటి మీదే ఉంటుంది. అప్పుడూ ఉంది. కుడి చేతి అంచు చిరిగి పోగులు వేలాడుతున్నాయి.

చక్రాన్ని పోగుతో సహా బల్ల మీద పెట్టాడు.

"బ్యాటరీ మార్చాను ఆ రోజు" అన్నాడు. "జనం చూస్తున్నారు. వాన మొదలైంది. తొట్టిలో ముంచలేదు."

పట్టకారుతో ఆ పోగు తీసి పొయ్యిలో వేశాడు.

నేను ఆయన కుర్చీలో కూలబడతాడు అనుకున్నాను. ఫోను తీసి ఆసుపత్రికి చేస్తాడు అనుకున్నాను. ఆయన లేచి అటక మీద నుంచి పదహారును దించాడు. దాని లోపలి సామాను పదిహేడుకు సరిపోతుంది. తుప్పు పట్టిన మోటారు, పచ్చగా మారిన తీగలు లాగి చెత్తబుట్టలో వేసి, పదహారులోవి పదిహేడులో అమర్చాడు. గొట్టం లోపల గుడ్డతో తుడిచాడు, మళ్లీ తుడిచాడు. కొత్త రబ్బరు చక్రం తీసి గ్రీజు రాశాడు. స్వెట్టరు విప్పి తలుపు వెనక మేకుకు తగిలించాడు. మూత బిగించాడు.  అంత చక్కగా పనిచేసే చేతుల్ని చూసి అంత వెగటు నాకెప్పుడూ కలగలేదు.

"డెస్ తనే చంపాననుకుంటాడు" అన్నాను. "ఆ నమ్మకంతోనే పోతాడు."

"క్లిప్పు తీసుకోలేదుగా" అన్నాడు విల్ఫ్. "నేను చెప్పించలేదు. వాడే ఒప్పుకున్నాడు."

"మరి మ్యూరియల్?"

విల్ఫ్ షెడ్డు మూలనున్న నీళ్ల తొట్టి దగ్గరకు నడిచాడు. గొట్టాన్ని తొట్టిలో ముంచి రెండు చేతులతో అడుక్కి నొక్కి పట్టాడు. ఒంటి మీద బనియను ఒక్కటే. మెడ కింద చర్మం వేలాడుతోంది. నీళ్లలోకే చూస్తున్నాడు. ఒక్క బుడగ రాలేదు.

పైకి తీసి, తుడిచి, పడవలో పెట్టి, పైకప్పు బిగించాడు. ఇందాక తుడిచిన బురదనే బకెట్‌లోంచి దోసిలితో తీసి వీపంతా పూశాడు. గోనె కప్పి బండి పిడులు నా వైపు తిప్పాడు.

"ఎక్కడ దొరికిందో అక్కడే పాతిపెట్టు" అన్నాడు. "రేపు పొద్దున డెస్ వచ్చాక, వాడి ముందరే తవ్వి తియ్యి. మూత నాతో విప్పించకు అబ్బాయ్. వాడితోనే విప్పించు."